మందు మంచిదే, నా ఒంటికే పడలేదు

మా పిన్నికి ఇరవై ఏళ్లుగా ఆయాసం. తెనాలిలో ఆమె ఇంట్లో టీవీ కింది అరలో, అంచుకు కుట్టుపని చేసిన గుడ్డ కప్పి, ఒక నెబ్యులైజర్ (మందును సన్నని తుంపరగా మార్చి మాస్కుతో పీల్పించే మెషీన్) ఉంటుంది. 2021 వేసవిలో, ఆక్సిజన్ సిలిండర్ కోసం జనం ఊళ్లు పట్టుకు తిరిగిన రోజుల్లో, ముందుజాగ్రత్తగా కొన్నది. 2024 జులైలో ఒక సాయంత్రం ఇంటర్ చదువుతున్న మనవరాలు ఆమెకు ఫోన్‌లో సమంత పెట్టిన పోస్టు చూపించింది. మామూలు వైరల్ జబ్బుకు మందు వేసుకునే ముందు వేరే మార్గం కూడా ఆలోచించండి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి నెబ్యులైజ్ చేసుకోవడం వాటిలో ఒకటి, అనవసరంగా మాత్రలు మింగకండి అన్నది దాని సారాంశం. పిన్నికి అప్పటికి రెండు రోజులుగా జలుబు. మెషీన్ ఇంట్లోనే ఉంది.

మిగిలినవి సమకూర్చుకోవడానికి అరగంట కూడా పట్టలేదట. వీధి చివర మందుల షాపులో కుర్రవాడు "చెవిలోకా అమ్మా, పుండు కడగడానికా?" అని అడిగితే పిన్ని "పుండుకే" అని అబద్ధం చెప్పింది. డిస్టిల్డ్ వాటర్ అంటే ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్లేనని మనవరాలికి తెలుసు. ఆ డబ్బా మెట్ల కింద ఉంది. రెండింటినీ కలిపి, మాస్కు పెట్టుకుని, రెండు మూడు నిమిషాలు పీల్చేసరికి దగ్గు తెర ఆగలేదు. రాత్రంతా ఛాతీలో మంట. తెల్లవారాక రోజూ వాడే ఇన్‌హేలర్‌తోనే ఎలాగో తేరుకుంది. ఎవరికీ చెప్పలేదు. నెల తర్వాత వరలక్ష్మీ వ్రతానికి అమ్మను తీసుకుని నేను వెళ్లినప్పుడు, తాంబూలాలు సర్దుతూ, ఏదో మాట వరసకు చెప్పినట్టు చెప్పింది.

"మందు మంచిదే నాన్నా, నా ఒంటికే పడలేదు."

సినిమా తారలు ఆరోగ్యం గురించి తప్పుడు మాట చెబితే జనం ఎందుకు నమ్ముతారన్న ప్రశ్నకు నా దగ్గర అప్పటిదాకా ఒక రెడీమేడ్ జవాబు ఉండేది. అభిమానం గుడ్డిది, చదువు చాలదు, ఫోన్లు పాడుచేశాయి అన్న మూడు ముక్కల్లో అది తేలిపోయేది. పిన్ని విషయంలో ఈ మూడూ అతకలేదు. ఆమె సమంత అభిమాని కాదు. సావిత్రి తర్వాత ఎవరికీ నటన రాదని ఆమె గట్టి నమ్మకం. ముప్పై ఏళ్లు స్కూలు టీచరుగా చేసి రిటైరయింది. ఫోన్ చూసేది రోజుకు ఒక గంట, అదీ మనవరాలి పర్యవేక్షణలో. అయినా నమ్మింది. అంతకంటే నన్ను ఆపిన సంగతి మరొకటి ఉంది. ఊపిరి ఆడక రాత్రంతా కూర్చున్న తర్వాత కూడా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు. దెబ్బ తగిలింది తన ఒంటికి. తప్పు కూడా తన ఒంటిదే అనుకుంది.

పడటం, గురి, హస్తవాసి

మన భాషలో వైద్యానికి సంబంధించిన కొన్ని మాటలు ఉన్నాయి, వాటిని వాడుతున్నామన్న స్పృహ కూడా లేకుండా వాడుతుంటాం. ఒక మందు ఒకరికి "పడుతుంది", మరొకరికి "పడదు". వంకాయ పడదు, పెరుగు పడదు, ఫలానా మాత్ర పడదు. ఇందులో నిజం లేకపోలేదు. అలర్జీలు ఉంటాయి, పెన్సిలిన్ పడనివారు ఉంటారు. కానీ ఈ మాటలో ఒక సౌకర్యం దాగి ఉంది. పనిచేయని మందుకు ఇది శాశ్వతమైన బెయిలు. పనిచేస్తే మందు గొప్పతనం, చేయకపోతే ఒంటి తత్వం. ఏ ప్రయోగమూ, ఏ చేదు అనుభవమూ ఆ మందు మీదికి రాదు.

రెండో మాట గురి. వైద్యుడి మీద గురి కుదరాలి, కుదిరితేనే మందు పనిచేస్తుంది అంటారు మా ఇళ్లలో. మూడోది హస్తవాసి. "ఆయన హస్తవాసి మంచిది" అన్న ఒక్క మాట మీద గుంటూరులో ఎందరో డాక్టర్ల ప్రాక్టీసు నడిచింది. ఆ డాక్టరు ఏం చదివాడో అడిగినవారిని నేను చూడలేదు. ఈ మూడు మాటలూ ఉన్న ఇంట్లోకి ఒక తార వచ్చి "నేను వాడాను, నాకు బాగుంది" అంటే ఆమె కొత్తగా ఒప్పించాల్సింది ఏమీ ఉండదు. గురి ముందే కుదిరి ఉంది. రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే అన్నట్టు, మాత్రలు ఒంటికి వేడి చేస్తాయి, తగ్గించుకుంటే మంచిది అని పిన్ని ఎన్నాళ్లనుంచో అనుకుంటున్న మాటనే ఆ పోస్టు ఆమెకు తిరిగి చెప్పింది.

సమంతకు ఇంకో అర్హత కూడా ఉంది. 2022 అక్టోబర్‌లో తనకు మయోసైటిస్ అనే ఆటోఇమ్యూన్ జబ్బు ఉందని, చేతికి సెలైన్ పెట్టుకుని డబ్బింగ్ చెబుతున్న ఫొటోతో సహా ఆమె బయటపెట్టింది. కండరాలను సొంత రక్షణ వ్యవస్థే దెబ్బతీసే ఆ జబ్బు పేరు మన పత్రికల్లో అంతకుముందు పెద్దగా కనిపించేది కాదు. తార అనేది తెర మీద ఎప్పుడూ నిగనిగలాడుతూ ఉండవలసిన మనిషి అన్న లెక్కను పక్కన పెట్టి ఆమె ఆ పని చేసింది. దానికి ధైర్యం కావాలి. ఆ రోజు నుంచి జనం దృష్టిలో ఆమె నటి మాత్రమే కాదు, బాధ తెలిసిన మనిషి. పిన్ని నాతో అన్న మాటలు నాకు బాగా గుర్తు: "పాపం ఎన్ని పాట్లు పడిందో. పడ్డవాళ్లకే తెలుస్తుంది నాన్నా. ఊరికే చెబుతుందా?"

పిన్ని నమ్మింది తారను కాదని నాకు అక్కడ అర్థమైంది. సాక్షిని నమ్మింది. ఆ సాక్షి అందరికీ ముఖపరిచయం ఉన్న మనిషి కావడం తార అన్న హోదా చేసిన పని.

తార లేకుండా కూడా

ఈ మాటకు వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది, అది నాకే వచ్చింది. సాక్ష్యమే అసలు సంగతి అయితే తారల మీద ఇంత చర్చ ఎందుకు? 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో నాటువైద్యుడు ఆనందయ్య కోవిడ్‌కని ఇస్తున్న మందుల కోసం వేలమంది బారులు తీరినప్పుడు వాళ్లను అక్కడికి రప్పించింది ఏ సినిమా నటుడూ కాదు. ఊపిరి అందని స్థితిలో ఉన్న ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు, కంట్లో చుక్కలు వేసిన కొద్ది నిమిషాల్లో తేరుకున్నానని చెప్పిన వీడియో ఫోన్ల నిండా తిరిగింది. అది చాలింది. మే 21న అక్కడ చేరిన జనాన్ని చూసి పంపిణీ ఆపవలసి వచ్చింది. కంట్లో వేసే చుక్కలను పక్కన పెట్టి మిగిలిన కొన్నింటికి రాష్ట్ర ప్రభుత్వం మే 31న అనుమతి ఇచ్చింది. ఆ హెడ్‌మాస్టరు నెల్లూరు ప్రభుత్వాసుపత్రిలో కన్నుమూశారన్న వార్త కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. కానీ వీడియో ఎంత దూరం వెళ్లిందో మరణవార్త అంత దూరం వెళ్లలేదు. మా బంధువుల్లో ఇప్పటికీ ఆ వీడియో గుర్తున్నవారు ఉన్నారు, ఆ తర్వాత ఏమైందో తెలిసినవారు తక్కువ.

కాబట్టి నమ్మకం పుట్టడానికి తార అవసరం లేదు. అయితే పుట్టిన నమ్మకం ఎంత దూరం పోతుందన్న దగ్గర లెక్క మారిపోతుంది. ఆక్స్‌ఫర్డ్‌లోని రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ 2020 ఏప్రిల్‌లో కోవిడ్ గురించిన 225 తప్పుడు ప్రచారాలను పరిశీలించింది. రాజకీయ నాయకులు, తారలు, పేరున్న ఇతరుల నుంచి వచ్చినవి అందులో 20 శాతమే. కానీ సోషల్ మీడియాలో జనం లైకులు, షేర్లు, వ్యాఖ్యల రూపంలో స్పందించిన దానిలో 69 శాతం ఆ 20 శాతానికే దక్కింది. మిగిలిన ఎనభై శాతాన్ని తయారుచేసిన మామూలు మనుషులు అంతా కలిసి కూడా వాళ్లకు సాటి రాలేదు. ఈ అంకె ఇంగ్లీషులో సాగిన ప్రచారాల గురించి. తెలుగులో లెక్క వేస్తే మరోలా తేలవచ్చు, తగ్గుతుందని మాత్రం నాకు అనిపించదు.

2021 సెప్టెంబర్‌లో అమెరికన్ ర్యాప్ గాయని నిక్కీ మినాజ్ ఒక ట్వీట్ చేసింది. ట్రినిడాడ్‌లో ఉన్న తన కజిన్ స్నేహితుడికి కోవిడ్ టీకా తర్వాత వృషణాలు వాచిపోయాయని, పెళ్లి కూడా ఆగిపోయిందని దాని సారం. కజిన్ గారి స్నేహితుడు! మన పెళ్లి భోజనాల దగ్గర ఇలాంటి కబురు చెబితే పక్కన కూర్చున్నవాడు సాంబారు వడ్డించమని అడుగుతాడు తప్ప తల తిప్పడు. కానీ చెప్పింది కోట్లమంది అనుచరులున్న మనిషి కాబట్టి, ట్రినిడాడ్ ఆరోగ్య మంత్రి విలేకరుల ముందుకు వచ్చి, ఆ కబురు నిజమో కాదో తేల్చుకోవడానికి తమ సమయం ఎంతో వృథా అయిందని, అలాంటి కేసు ఏదీ లేదని చెప్పుకోవలసి వచ్చింది. తనకు జరిగిన అనుభవం కూడా కానక్కరలేదు. మూడో చేతి సాక్ష్యం సైతం ఆ నోట పడితే దేశం తలకెత్తుకోవలసిన పని అవుతుంది.

సగం ఫైలు

2024 నవంబర్‌లో మాజీ క్రికెటర్ నవజోత్ సింగ్ సిద్ధూ అమృత్‌సర్‌లో విలేకరుల సమావేశం పెట్టి, నాలుగో దశ కేన్సర్ నుంచి తన భార్య బయటపడిందని ప్రకటించాడు. పంచదార, పాలు మానేయడం, ఉపవాసం, నిమ్మరసం, పచ్చి పసుపు, వేపాకులు, యాపిల్ సైడర్ వెనిగర్ అంటూ పాటించిన పథ్యాన్ని వివరించి, నలభై రోజుల్లో గుణం కనిపించిందన్నాడు. ఆ వీడియో మన గ్రూపుల్లోకి హిందీలో వచ్చి, రెండు రోజుల్లో తెలుగు వాయిస్‌తో మళ్లీ వచ్చింది. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన ప్రస్తుత, మాజీ కేన్సర్ వైద్యులు 262 మంది సంతకాలు చేసి, ఈ మాటలకు ఆధారం లేదని, ఇలాంటివి నమ్మి చికిత్స ఆలస్యం చేసుకోవద్దని ప్రకటన ఇచ్చారు. ఆ తర్వాత సిద్ధూ, పథ్యం డాక్టర్ల సలహాతోనే పాటించామని, దాన్ని చికిత్సకు తోడ్పాటుగానే చూడాలని సర్దుకున్నాడు.

అసలు సంగతి ఏమిటంటే ఆ ఇల్లాలికి ఆపరేషన్ జరిగింది, కీమోథెరపీ జరిగింది, ఇతర మందులూ వాడారు. అవేమీ రహస్యం కాదు. కానీ మొత్తం ఫైలులో నుంచి నిమ్మకాయ, వేపాకు ఉన్న పేజీ మాత్రమే ఇళ్లలోకి వచ్చింది.

నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న మాట ఇదే. తార తన జబ్బు గురించి చెప్పినప్పుడు మనకు చేరేది సగం ఫైలు. చేరే సగం ఎప్పుడూ ఒకే రకంగా ఉంటుంది. వంటింట్లో దొరికేది, మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చేది, ఫొటోలో బాగా కనిపించేది, మనకు కొనగల స్తోమత ఉన్నది. రాని సగంలో ఖరీదైన స్కాన్లు ఉంటాయి, వారానికోసారి రక్తపరీక్షలు ఉంటాయి, ఫోన్ చేస్తే అర్ధరాత్రి పలికే స్పెషలిస్టు ఉంటాడు, ఏదైనా తేడా చేస్తే పది నిమిషాల్లో చేర్చుకునే ఆసుపత్రి ఉంటుంది. ఆ భద్రత అంతా కింద వలలా పరచుకుని ఉండగా తార ఒక ప్రయోగం చేస్తుంది. వల లేని మనిషి అదే తీగ మీద కాలు పెడుతుంది.

విచిత్రం ఏమిటంటే, పోస్టు మీద డాక్టర్ల విమర్శలు వచ్చాక ఇచ్చిన జవాబులో సమంత ఈ సంగతికి చాలా దగ్గరగా వచ్చింది. తనకు జరిగిన చికిత్సలు చాలా ఖరీదైనవని, తాను భరించగలిగిందని, భరించలేనివారి గురించి ఎప్పుడూ ఆలోచించేదాన్నని రాసింది. ఆ మాటలో కపటం ఉందని నేను అనుకోను. కానీ భరించలేనివారికి ఆమె అందించిన ప్రత్యామ్నాయం, తన ఖరీదైన ఫైలులోని ఒక చవక పేజీ. తనకు ఆ సలహా ఇచ్చింది అర్హత ఉన్న ఎండీ డాక్టరని, ఆయన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓలో 25 ఏళ్లు పనిచేశారని కూడా ఆమె రాసింది. ఇది చదివి మనవరాలు పిన్నితో "చూశావా అమ్మమ్మా, డాక్టరే చెప్పాడట" అంది. ఆ డాక్టరు చూసింది సమంతను. పిన్నిని చూడలేదు.

హైడ్రోజన్ పెరాక్సైడ్ సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. అమెరికాలోని ఆస్తమా అండ్ అలర్జీ ఫౌండేషన్ 2021 సెప్టెంబర్‌లోనే దీన్ని నెబ్యులైజర్‌లో పీల్చవద్దని, ఊపిరితిత్తులకు హాని చేస్తుందని హెచ్చరించింది. అప్పట్లో ఇది కోవిడ్ చిట్కాగా తిరిగింది. మనకు ఇది చిన్నప్పటి నుంచి తెలిసిన వస్తువు కావడమే చిక్కు. మోకాలు గీరుకుంటే పోసేవారు, బుసబుసమని తెల్లగా నురగ వచ్చేది, "అదుగో క్రిములు చస్తున్నాయి" అనేవారు. ఆ నురగ క్రిముల చావు కాదు. మన రక్తంలో, కణజాలంలో ఉండే కాటలేస్ అనే ఎంజైము ఆ ద్రవాన్ని నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతున్నప్పుడు వచ్చే బుడగలవి. క్రిమి లేని శుభ్రమైన గాయం మీద పోసినా నురగ వస్తుంది. చర్మం మీద ఆ ఘాటును తట్టుకుంటాం. ఊపిరితిత్తుల లోపలి గాలి గదుల పొర చాలా పలచన, దానికి ఆ ఓర్పు లేదు. ఆయాసం ఉన్నవారి శ్వాసనాళాలు మామూలుగానే చిన్న చికాకుకు ముడుచుకుపోతాయి.

అదే గొంతు, రెండు పనులు

ఇక్కడిదాకా వచ్చాక "తారలు ఆరోగ్యం గురించి నోరు మెదపకూడదు" అని తీర్మానించేయడం సులువు. నాకు అది సరైందిగా తోచదు. "రెండు చుక్కలు" అని అమితాబ్ బచ్చన్ గొంతు టీవీలో మందలించినట్టు చెప్పకపోతే పోలియో ఆదివారాల్లో చుక్కల బూత్‌ల ముందు అన్ని వరుసలు ఉండేవా? దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హావ్‌డాలో నమోదైంది. 2014 మార్చిలో పోలియో లేని ప్రాంతంగా ధ్రువీకరణ వచ్చింది. ఆ విజయంలో ఆయన గొంతుకు వాటా ఉంది.

అదే అమితాబ్ 2020 మార్చిలో, ఈగల వల్ల కూడా కరోనా వ్యాపించవచ్చన్న అర్థం వచ్చే వీడియో పెడితే, కేంద్ర ఆరోగ్య శాఖ అధికారి విలేకరుల సమావేశంలో ఈగల వల్ల రాదని చెప్పవలసి వచ్చింది. మనిషి ఒక్కడే, గొంతు ఒక్కటే, నమ్మే జనమూ వాళ్లే. మరి తేడా ఎక్కడ? పోలియో విషయంలో ఆయన చదివింది ఎవరో రాసి, ఎందరో సరిచూసిన మాట. ఆ మాట వెనుక ఐస్ డబ్బా భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి, పిల్లల చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టే కార్యకర్తలు ఉన్నారు. అంటే పూర్తి ఫైలు ఉంది, ఆయన దాని అట్ట మీది బొమ్మ. ఈగల విషయంలో ఆయన చేతిలో ఫోన్ తప్ప ఏమీ లేదు.

తార మంచి మాట చెప్పినా జనం ఆ మాటను వినరు, ఒంటిని చూస్తారు అనడానికి తమిళ హాస్యనటుడు వివేక్ మరణం కంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు. డబ్బింగ్ సినిమాల వల్ల ఆయన మనకూ బాగా తెలిసిన మనిషే. 2021 ఏప్రిల్ 15న చెన్నైలో ప్రభుత్వాసుపత్రికి వెళ్లి, అందరూ టీకా వేయించుకోవాలని చెప్పడానికే, కెమెరాల ముందు కోవిడ్ టీకా వేయించుకున్నాడు. మర్నాడు గుండెపోటు వచ్చింది, 17న చనిపోయాడు. గుండెకు వెళ్లే ప్రధాన రక్తనాళంలో పూర్తిగా అడ్డు ఏర్పడిందని, టీకాకు సంబంధం లేదని వైద్యులు అదే వారంలో చెప్పారు. టీకా దుష్ప్రభావాలను పరిశీలించే కేంద్ర కమిటీ కూడా తర్వాత అదే తేల్చింది. ఆయన చెప్పిన సందేశం ఎవరికీ మిగల్లేదు. టీకా, రెండు రోజులు, మరణం అన్న మూడు బిందువులను కలిపిన గీత మాత్రం మిగిలింది. మా వీధిలో రెండో డోసుకు వెళ్లనని భీష్మించినవారిలో ఇద్దరు నాతో ఆయన పేరే చెప్పారు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఆలోచిస్తే నాకు తోచిన గీటు ఇది: తారలు తమ రోగం గురించి చెప్పాలి, మందు గురించి చెప్పకూడదు. లక్షణాలు ఏమిటి, ఎప్పుడు అనుమానం వచ్చింది, ఎన్నాళ్లు దాచుకున్నారు, ఏ డాక్టరు దగ్గరికి పోవాలని తెలిసింది, ఎంత ఏడ్చారు, ఇవన్నీ చెప్పవచ్చు. మయోసైటిస్ విషయంలో సమంత మొదట చేసింది అదే. మందు పేరు, పాళ్లు, వాడే పద్ధతి దగ్గరికి వచ్చేసరికి నోరు కట్టుకోవాలి.

దీనికి ఎదురు చెప్పేవారు హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీని తీసుకొస్తారు. 2013లో ఆమె తనకు రొమ్ము కేన్సర్ ముప్పును బాగా పెంచే బీఆర్‌సీఏ1 జన్యులోపం ఉందని, అందుకే రొమ్ములు రెండూ తీయించుకున్నానని పత్రికలో రాసింది. చికిత్సతో సహా చెప్పింది, చెప్పింది సరైన వైద్యమే. నా గీటు ప్రకారం ఆమె తప్పు చేసినట్టా? చాలాకాలం ఈ ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ఆ తర్వాత అమెరికాలో ఏం జరిగిందో పరిశోధకులు చూశారు. ఆమె వ్యాసం వచ్చిన కొద్ది వారాల్లోనే ఆ జన్యుపరీక్షలు 64 శాతం పెరిగాయి. రొమ్ము తొలగింపు ఆపరేషన్లు దానికి తగ్గట్టు పెరగలేదు. అంటే పరీక్షకు పరుగెత్తినవారిలో చాలామందికి ఆ ప్రమాదం పెద్దగా లేదన్న అనుమానం వస్తుంది. కుటుంబంలో ఎవరికీ కేన్సర్ లేనివారు కూడా జోలీ ఫైలును తమ ఫైలు అనుకున్నారేమో. హాని పెద్దది కాదు, ఖర్చు పెద్దది. నా గీటు కొంత వంగింది, విరగలేదని సర్దిచెప్పుకున్నాను. మీకు విరిగినట్టే కనిపిస్తే వాదించను.

డాక్టర్ల కోపం, చట్టం చూపు

సమంత పోస్టును గట్టిగా తప్పుపట్టింది కేరళకు చెందిన కాలేయ వైద్యుడు సిరియాక్ ఆబీ ఫిలిప్స్. అంతకు కొన్ని నెలల ముందే ఆమె పాడ్‌కాస్ట్‌లో లివర్ గురించి వచ్చిన మాటలనూ ఆయన తప్పుపట్టాడు. విషయంలో ఆయన నూటికి నూరుపాళ్లు కరెక్టు. కానీ ఆరోగ్యం, సైన్సు విషయాల్లో ఆమె నిరక్షరాస్యురాలని, హేతుబద్ధంగా ఆలోచించే సమాజంలో అయితే ఇలాంటివారికి జరిమానా వేస్తారు లేదా జైల్లో పెడతారని రాశాడు. ఆ తర్వాత తన మాట తీరుకు విచారం చెప్పాడనుకోండి. ఆ ఒక్క వాక్యం వల్ల చర్చ మొత్తం పెరాక్సైడ్ మీది నుంచి మర్యాద మీదికి జారిపోయింది. జబ్బుపడిన ఆడమనిషిని జైల్లో పెట్టాలంటాడా అని మా ఇళ్లలో అందరూ సమంత పక్షం చేరారు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల మాత్రం, సలహా వికటించి ప్రాణం పోతే బాధ్యత ఎవరు తీసుకుంటారని సూటిగా అడిగింది. ఆ ప్రశ్న కేకల్లో కలిసిపోయింది.

అయితే డాక్టరు మెత్తగా చెప్పి ఉంటే ఎవరైనా వినేవారా? పత్రికలు రాసేవా? ఆ ఘాటు లేకపోతే పిన్ని పీల్చిన సంగతి నేను కూడా ఇంత పట్టించుకునేవాణ్ణో లేదో. ఈ విషయంలో నా మనసు ఇంకా ఒక కొసకు రాలేదు.

చట్టం గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనలో నటించినవారికి పది లక్షలు, మళ్లీ చేస్తే యాభై లక్షల వరకు జరిమానా వేయవచ్చు. పతంజలి కేసులో సుప్రీంకోర్టు 2024 మేలో, ప్రచారం చేసే తారలకూ సమాన బాధ్యత ఉంటుందని చెప్పింది. కానీ ఇవన్నీ డబ్బు తీసుకుని చేసే ప్రకటనల కోసం అల్లిన వలలు. సమంత ఏ కంపెనీ దగ్గరా పైసా తీసుకోలేదు, పెరాక్సైడ్‌కు బ్రాండ్ కూడా లేదు. సిద్ధూ నిమ్మకాయలు అమ్మడు. డబ్బు ఆశించకుండా, మంచి మనసుతో చెప్పిన మాటను పట్టుకునే కన్ను ఆ వలకు లేదు. జనం ఎక్కువగా నమ్మేది కూడా అలాంటి మాటనే.

కొత్తపేటలో పది నిమిషాలు

వ్రతం అయిన వారానికి పిన్నిని గుంటూరు కొత్తపేటలో ఆమె ఎప్పుడూ చూపించుకునే ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. తనంతట తాను చెప్పదని తెలిసి నేనే చెప్పాను. పిన్ని నా వైపు చూసిన చూపు బడిలో చాడీ చెప్పిన పిల్లవాణ్ణి చూసే చూపు. డాక్టరు మందలిస్తాడని ఇద్దరం ఎదురుచూశాం. ఆయన స్టెతస్కోపు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టి అడిగాడు.

"ఆ అమ్మాయికి ఉన్న జబ్బేమిటమ్మా?"

"కండరాల జబ్బట డాక్టరుగారూ."

"మీకున్నదేమిటి?"

"ఆయాసం."

"ఆవిడ ఇంకా ఏమేం మందులు వాడుతోందో తెలుసా?"

పిన్ని కొంచెం ఆలోచించింది. "అవి రాయలేదండీ."

"నాకూ తెలియదు," అన్నాడాయన. తర్వాత పిన్ని పాత చీటీలన్నీ ఉన్న ప్లాస్టిక్ ఫైలును తన ముందుకు లాక్కుని, 2009 నుంచి ఉన్న కాగితాలు ఒక్కొక్కటి తిప్పుతూ, ఏ సంవత్సరం ఏ మందు ఎందుకు మార్చాడో చెప్పుకుంటూ వచ్చాడు. బయట బెంచీల మీద ఇరవై మంది ఉన్నారు. ఎప్పుడూ మూడు నిమిషాల్లో పంపించే మనిషి ఆ రోజు పది నిమిషాలు తీసుకున్నాడు. చివర్లో, నెబ్యులైజర్‌లో తాను రాసిన మందు తప్ప ఇంకేదీ పోయవద్దని చీటీ మీద రాసి, ఆ వాక్యం కింద రెండు గీతలు గీశాడు. తెలుగులో రాశాడు.

బస్సులో తిరిగి వస్తూ పిన్ని చాలాసేపు మాట్లాడలేదు. నారాకోడూరు దాటాక అంది, "ఆయన అన్ని కాగితాలూ గుర్తుపెట్టుకున్నాడు నాన్నా." గురి మళ్లీ కుదిరినట్టుంది. అది కూడా గురేనన్న సంగతి నాకు తట్టకపోలేదు.

ఈ సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు నెబ్యులైజర్ టీవీ కింద, గుడ్డ కిందే ఉంది. పెరాక్సైడ్ సీసా బాత్‌రూమ్ కిటికీలోకి మారింది. గాలిపటం వెంట పరుగెత్తి డాబా మెట్ల మీద పడ్డ పక్కింటి పిల్లవాడి మోకాలి మీద పిన్ని దాన్ని పోస్తోంది. తెల్లగా నురగ పొంగింది. పిల్లవాడు ఏడుపు ఆపి వంగి చూస్తున్నాడు. పిన్ని నా వైపు తిరిగి, "చూశావా ఎలా పనిచేస్తోందో," అంది.